అడ్డం వచ్చిన అట్టముక్కలు

మా అన్నయ్య తన యాభై ఎనిమిదో ఏట ప్రేమ మాటలు బట్టీ పట్టడం మొదలుపెట్టాడు. అదీ కొరియన్ భాషలో. అదీ ఇరవై ఏడేళ్ళుగా కాపురం చేస్తున్న సొంత భార్య కోసం. ఈ మూడు ముక్కలూ వరసగా చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాది బట్టలు సరిచేసే దుకాణం. పొడుగైతే కురచ చేస్తాను, బిగుతైతే వదులు చేస్తాను, జిప్పులు మారుస్తాను. ఆ రోజు మధ్యాహ్నం ఎవరిదో కోటు నడుం దగ్గర కుట్లు విప్పుతుంటే అన్నయ్య వచ్చి నా ముందు ఒక పల్చటి పుస్తకం పెట్టాడు. దాని అట్ట మీద ఎర్రటి గుండె బొమ్మ. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు కొరియన్ ప్రేమ మాటలు అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఏంటన్నయ్యా ఇది?"

"నన్ను చదివించు. నువ్వు ఇంగ్లీషు చదువు, నేను కొరియన్ చెప్తా. తప్పొస్తే ఆ స్కేలుతో ఒకటి వెయ్యి."

"ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అని నవ్వాను.

అన్నయ్య నవ్వలేదు. కుట్టించుకునేవాళ్ళ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆరు వారాలే ఉంది చిట్టీ," అన్నాడు.

చిట్టీ అంటే నేనే. నాకు యాభై రెండేళ్ళు వచ్చినా, నాకు నడుం నొప్పి వచ్చినా, అన్నయ్యకు నేను చిట్టీనే.

ఆ ఆరు వారాల గడువు సంగతి చెప్పాలంటే ముందు వదిన గురించి చెప్పాలి. మా అన్నయ్య లిఫ్టుల మెకానిక్కు. కొరియానుంచి వచ్చిన వదిన పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, వాటికి సరిపోయే కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఒక్కో పన్నుకూ రంగు కలిపేటప్పుడు ఆమె ఊపిరి కూడా బిగబట్టేది. తెలుపులో పదహారు రకాలున్నాయని ఆమె చెబితేనే నాకు తెలిసింది. అప్పటిదాకా తెల్లదారమంటే తెల్లదారమే అనుకునేదాన్ని. ఆమె వచ్చాక నా దుకాణంలో తెల్లదారాలే నాలుగు రకాలు చేరాయి.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు, పళ్ళ అచ్చులున్న ట్రే పట్టుకుని ఆమె ఎక్కిన లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. బాగుచెయ్యడానికి వెళ్ళింది మా అన్నయ్య. తలుపుకు అటు ఆమె, ఇటు ఇతను. ఆమెకు తెలుగు రాదు, ఇతనికి కొరియన్ రాదు. ఇద్దరికీ ఉన్నదల్లా వచ్చీరాని ఇంగ్లీషు. ఆమె భయపడకుండా నలభై నిమిషాల పాటు మాట్లాడుతూనే ఉన్నాడట. ట్రేలో ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టమన్నాడట. ఆమె నూట పన్నెండు అంటే, మళ్ళీ లెక్కపెట్టమన్నాడట. చివరికి తలుపు తెరుచుకుంది. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "సో... దిస్ ఈజ్ ఫేస్," అంది. అయితే మొహం ఇదన్నమాట, అని. ఆ ఒక్క ముక్కకే మా అన్నయ్య పడిపోయాడు. లిఫ్టు లేచింది, మనిషి పడ్డాడు అని నేను ఇప్పటికీ ఏడిపిస్తుంటాను.

వాళ్ళ కాపురమంతా ఇంగ్లీషులోనే నడిచింది. అలకలూ అందులోనే, సర్దుబాట్లూ అందులోనే. ఆ ఇంగ్లీషుకు ఏ పంతులూ పాసు మార్కులెయ్యడు గానీ, వాళ్ళిద్దరికీ అది చాలింది. ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలని ఏటా అనుకునేవాళ్ళు. పని జరిగిపోతుంటే ఎవరు నేర్చుకుంటారు? వదినకు పట్టుబడ్డ తెలుగు మాటలు పదో పన్నెండో. అన్నీ నేను మా పిల్లల్ని తిట్టేటప్పుడు విని నేర్చుకున్నవే.

అన్నయ్య ఆ పుస్తకం తెచ్చిన రోజుకు మూడు వారాల ముందు ల్యాబులో పనిచేస్తుండగా ఆమె కుడిచేతిలోంచి పరికరం జారిపోయింది. తీసుకుందామని వంగిన మనిషి లేవలేదు. తలలో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ ఒకేసారి పడిపోయాయి. ప్రాణానికి ఢోకా లేదని తేలిన పదిరోజులకు మాట కొంచెం కొంచెంగా వచ్చింది. వచ్చిందంతా కొరియనే. ఇంగ్లీషు పలకమీద తుడిచేసినట్టు పోయింది.

ఆసుపత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ అన్నయ్యను కూర్చోబెట్టి చెప్పింది. కొందరిలో ఇలా అవుతుందట, అమ్మ దగ్గర నేర్చుకున్న మాట ముందు తిరిగొస్తుందట. రెండోది ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో చెప్పలేమంది. "అవును అనబోయి కాదంటోంది, కాదనబోయి అవునంటోంది. అడిగేసి, ఆవిడ చెప్పిందని ఏ నిర్ణయం తీసుకోకండి," అని కూడా హెచ్చరించింది.

వదిన వాళ్ళక్క సముద్రాల అవతలనుంచి ఫోన్ చేసింది. ఆవిడ మంచి మనిషి. ఇంగ్లీషులో మెల్లగా, మర్యాదగా ఒకే ప్రశ్న వేసింది: "ఇక్కడైతే వీధిలో కూరగాయలవాడికి కూడా మా చెల్లి మాట అర్థమవుతుంది. అక్కడ ఎవరికి అర్థమవుతుంది?"

అన్నయ్య ఆరు వారాలు గడువడిగాడు. ఆలోపు తను భార్యతో మాట్లాడగలిగితే ఆమె ఇక్కడే ఉంటుంది. లేకపోతే అక్క వచ్చి తీసుకుపోవచ్చు. అలా మాటిచ్చేసి, ఫోన్ పెట్టేసి, తిన్నగా పుస్తకాల షాపుకెళ్ళి గుండె బొమ్మ పుస్తకం కొనుక్కొచ్చాడు.

"నొప్పి, నీళ్ళు, దుప్పటి, ఇలాంటివి నేర్చుకోవచ్చుగా ముందు?" అన్నాను.

"అవి నర్సులు బొమ్మలు చూపించి అడుగుతున్నారే. మొగుడు చెప్పాల్సినవి నర్సులు చెప్పరుగా," అన్నాడు.

నా నవ్వు అక్కడితో ఆగింది. స్కేలు పక్కన పెట్టి పుస్తకం తెరిచాను.

మా అన్నయ్య ఏ పని చేసినా లిఫ్టు విప్పినట్టే చేస్తాడు. స్క్రూలు వరసలో పెట్టుకుని, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తు రాసుకుని, అప్పుడు ముట్టుకుంటాడు. లిఫ్టు సామాన్లొచ్చే పెట్టెల అట్టలు కోసి, అరచేతంత ముక్కలు చేశాడు. ఒకవైపు ఇంగ్లీషులో అర్థం, రెండోవైపు తెలుగు అక్షరాల్లో కొరియన్ మాట. మూడు వందల ముక్కలు. రబ్బరుబ్యాండు వేసి పనిబట్టల జేబులో పెట్టుకు తిరిగేవాడు. లిఫ్టు గుంటలో దిగి గ్రీజు పూస్తూ పైకి "సారాంఘే" అని అరిస్తే, పైనున్న తోటి మెకానిక్కులు స్పానర్ అడుగుతున్నాడనుకుని స్పానర్ అందించారట.

ఇంకో చిక్కు ఉంది. వదిన పడిపోయిందని కబురొచ్చినప్పుడు అన్నయ్య ఒక లిఫ్టు గుంటలోకి వంగి చూస్తున్నాడు. కంగారులో కళ్ళద్దాలు జారి గుంటలో పడి ముక్కలయ్యాయి. చిన్నప్పటినుంచీ దగ్గర చూపే. జానెడు దూరం దాటితే మనిషికీ గోడకీ తేడా తెలీదు. కొత్తవి చేయించుకోమని నేను రోజూ పోరడం, గ్రీజు పనికి తడిమే చేతులు చాలు, రేపు చూద్దామని అతను అనడం. అందుకని ఆ అట్టముక్కల్ని ముక్కుకు ఆనించుకున్నట్టు పట్టుకుని చదివేవాడు.

నాకా మాటలు విచిత్రంగా ఉండేవి. కొన్ని భలే ముద్దుగానూ ఉండేవి. సారాంఘే అంటే ప్రేమిస్తున్నాను. దాని చివర యో తగిలిస్తే గౌరవం.

"మన 'అండీ' లాగా అన్నమాట," అన్నాడు.

"అయితే పెళ్ళాంతో 'ప్రేమిస్తున్నానండీ' అంటావా? కొత్తగా పరిచయమైన బ్యాంకు మేనేజరుతో అన్నట్టుంది."

"పుస్తకంలో ఉన్నది చెప్తున్నా. తగ్గించి అంటే మర్యాద కాదేమో."

"మర్యాద అక్కర్లేని చోటు అదొక్కటే అన్నయ్యా. అక్కడా అండీ అంటే ఇంక కాపురం ఎందుకు?"

ఆలోచించి యో కొట్టేశాడు. సారాంఘే ఒక్కటే మిగిలింది. అప్పుడు దాన్ని పట్టుకుని రెండు రోజులు కొట్టుకున్నాడు. "ఐ లవ్ యూలో మూడు ముక్కలున్నాయి. ఇందులో ఒకటే ఉంది. నేనెక్కడ? నువ్వెక్కడ? లవ్ ఒక్కటే మిగిలింది. రెండు స్క్రూలు తక్కువొచ్చాయి చిట్టీ," అని బెంగ పెట్టుకున్నాడు. నాకూ తోచలేదు. ఆ రోజే తోచి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంకోరోజు నేను "మీ టూ" అని చదివాను.

"నాదో," అన్నాడు.

"నీది కాదు, పుస్తకంలోది. ఏంటో చెప్పు."

"నాదో!"

"నీదేంటి? అడిగింది చెప్పకుండా నాదో నీదో అంటావేంటి?"

"అబ్బా, అదే మాట! నాదో అంటే నేను కూడా అని!"

ఇద్దరం పగలబడి నవ్వాం. కోటు తీసుకోవడానికొచ్చిన ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. అప్పట్నుంచి మా ఇద్దరికీ అదొక ఆట. టీ తాగుతావా అంటే నాదో. నాకు నడుం లాగేస్తోందంటే నాదో.

నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో మా అన్నయ్యను చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది. పొద్దున ఆరింటికి లేచి అట్టలు తిప్పేవాడు. పగలంతా గ్రీజులో మునిగేవాడు. సాయంత్రం నాలుగింటికల్లా చేతులు మూడుసార్లు రుద్దుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు ఆసుపత్రికి వెళ్ళేవాడు. మా ఆయన ముప్ఫై ఏళ్ళలో నాతో అన్న అతి పెద్ద ప్రేమ మాట "ఫ్యాను ఆపనా?" అన్నది. అంతకుమించి నేనూ ఆశించలేదు. అలాంటిది మూడు వందల అట్టముక్కలు రాసుకున్న మనిషిని చూస్తే నా గుండె నిండిపోయేది.

వారానికి రెండుసార్లు నేనూ వెళ్ళేదాన్ని. వదినది మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం. ఆమె కుడిచెయ్యి దిండు మీద కదలకుండా ఉండేది. ఎడమచేత్తో మాత్రం దుప్పటి అంచును వేళ్ళతో కొలుస్తున్నట్టు తడుముతూ ఉండేది. పని చేసిన చెయ్యి ఊరికే ఉండలేదు, నాకు తెలుసు. అన్నయ్య మంచం ఎదురుగా కుర్చీలో కూర్చుని, అట్టముక్క మొహానికి అడ్డం పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చదివేవాడు. నువ్వు అందంగా ఉన్నావు. నువ్వే నా ప్రపంచం. నీతో ప్రతి రోజూ కొత్తగా ఉంది. ఒకటి అయ్యాక ఇంకోటి. ఆమె వినేది. ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి మొహం తిప్పేసుకునేది.

మూడో వారంలో ఒకరోజు ఆమె మధ్యలో అడ్డుపడి, "పాప్ మొగొస్సొ," అంది.

అన్నయ్య జేబులోంచి చిన్న నిఘంటువు తీశాడు. ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వెతికాడు. "పాప్ అంటే అన్నం. రెండోది తినడం. ఆకలేస్తోంది పాపం," అని నర్సును పిలిచాడు. నర్సు గిన్నె తెచ్చి చెంచా నోటి దగ్గర పెడితే వదిన ఎడమచేత్తో తోసేసింది. మళ్ళీ అదే మాట, ఈసారి కోపంగా. అన్నయ్య వాడిపోయాడు.

నేను ఆమె చూపు చూశాను. గిన్నె వైపు లేదు. అన్నయ్య వదులైపోయిన చొక్కా కాలరు వైపు ఉంది. ఆ నెలన్నరలో అతని మెడ రెండంగుళాలు తగ్గింది. కొలతలు నాకు చెప్పాలా?

"అన్నయ్యా, ఆవిడ అన్నం అడగట్లేదు. నువ్వు తిన్నావా అని అడుగుతోంది."

"అందులో నువ్వు అని ఎక్కడుంది? చివర ప్రశ్న గుర్తు కూడా లేదు."

"మాటకి ప్రశ్న గుర్తేంటన్నయ్యా? తిన్నానని చెప్పు చాలు."

పొట్ట తట్టుకుని తల ఊపాడు. వదిన అనుమానంగా చూసింది. అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా దుప్పటి సర్దుకుని పడుకుంది. ఆ రోజు దారంతా అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు. తిన్నావా అని అడిగిందని ఆనందం.

ఆ తరవాత కొన్నాళ్ళకు నా దుకాణంలో స్కూలు యూనిఫారాల పని మీద పడి పదిరోజులు నేను ఆసుపత్రికి వెళ్ళలేకపోయాను. అన్నయ్య కూడా పాఠానికి రావడం మానేశాడు. ఇంక నా అవసరం లేనంతగా వచ్చేసి ఉంటుందనుకున్నాను.

ఆరో వారం గురువారంనాడు వచ్చాడు. చంకలో బట్టల మూట. నా బల్ల మీద విప్పాడు. వదిన చొక్కాలు అయిదు.

"వీటికి బొత్తాలు తీసేసి, నొక్కితే అతుక్కునే పట్టీలు కుట్టాలి చిట్టీ. ఒంటిచేత్తో వేసుకోడానికి వీలుగా. రేపు సాయంత్రానికి కావాలి."

"ఇంటికి పంపిస్తున్నారా?" అని సంబరపడ్డాను.

"వాళ్ళక్క రేపొస్తోంది. ప్రయాణానికి."

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "ఏ ప్రయాణానికి?"

అతను కూర్చోలేదు. బొత్తాల వైపు చూస్తూ చెప్పాడు. పదిరోజులుగా వదిన ఒకటే మాట అంటోందట. అన్నయ్య ఏం చదివినా మధ్యలో ఆపి, అదే మాట. బోగో షిపొ. చివరికి ఏడుస్తూ అంటోందట. ఆ మాట వెతకనక్కర్లేదు, పుస్తకం పదకొండో పేజీలోనే ఉంది. ఐ మిస్ యూ.

"అయితే?" అన్నాను.

"అయితే ఏంటి చిట్టీ? నేను ఎదురుగానే కూర్చుని ఉన్నా. రోజూ నాలుగింటినుంచి ఏడింటిదాకా అక్కడే ఉన్నా. ఎదురుగా ఉన్నవాణ్ణి ఎవరైనా మిస్ అవుతారా? దగ్గర లేనివాళ్ళనేగా మిస్ అయ్యేది? వాళ్ళక్క కోసం, వాళ్ళ వాళ్ళ కోసం ఏడుస్తోంది. నేను కట్టిపడేస్తే పాపం. ఆ ముక్క అర్థమయ్యేంత కొరియన్ వచ్చింది నాకు. అది చాలు." విప్పిన చొక్కా ఒకటి మళ్ళీ మడతపెట్టాడు. "నేర్చుకున్నందుకు లాభం అదే."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందొచ్చింది, నా తత్వమే అంత. "ఆ పుస్తకం ఇలా తే," అన్నాను. పదకొండో పేజీ తీశాను. "ఐ మిస్ యూ ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషొద్దు. ఆ కొరియన్ మాటను కుట్లు విప్పినట్టు విప్పి చెప్పు. బోగో అంటే ఏంటి?"

"చూడ్డం."

"షిపొ?"

"కావాలనిపించడం. అనిపించడం."

"కలిపి చెప్పు. తెలుగులో."

"చూడాలని... అనిపిస్తోంది." అని ఆగాడు. "చూడాలనిపిస్తోంది."

"ఇందులో నేనుందా? నువ్వుందా?"

లేదన్నట్టు తలాడించాడు.

"మనం అంటామా 'నాకు నిన్ను' అని? నేను నీకు ఫోన్ చేసి చూడాలనిపిస్తోంది అన్నయ్యా అంటే, ఎవర్నీ అని అడుగుతావా? రెండు స్క్రూలు తక్కువొచ్చాయని బెంగ పెట్టుకున్నావే, మనకి మాత్రం ఉన్నాయా అవి? ఆవిడ మాట మన మాటలాగే ఉంది. నువ్వేమో మధ్యలో ఇంగ్లీషు గుమ్మం ఎక్కి దిగుతున్నావు."

"కానీ నేను ఎదురుగానే ఉన్నాగా," అన్నాడు మళ్ళీ, మొండిగా.

"ఉన్నావు. ఎలా ఉన్నావు?" బల్ల మీదున్న అట్టముక్క తీసి నా మొహానికి అడ్డం పెట్టుకున్నాను, అతను పట్టుకునేట్టే. అట్ట వెనకనుంచి, "నువ్వే నా ప్రపంచం," అన్నాను. "ఇప్పుడు నేను కనిపిస్తున్నానా నీకు?"

నేను అట్ట దించేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేననుకున్నది తప్పయి ఉండొచ్చు. నాకు కొరియన్ ముక్క రాదు. కానీ పదిరోజులుగా ఒక ఆడమనిషి ఏడుస్తూ ఒకే మాట అంటుంటే, దానికి బదులుగా ఇంకో అట్టముక్క తియ్యడం మాత్రం కచ్చితంగా తప్పు. దుకాణానికి తాళం వేశాను. దారిలో ఆటోలో నా పక్కన అతను జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, అట్టలు ఎవరో లాక్కుంటారన్నట్టు.

గది గుమ్మంలో చెయ్యి చాపాను. ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. మూడు వందలూ నా సంచిలో వేసుకున్నాను.

"ఏమీ లేకుండా ఏం మాట్లాడను?" అన్నాడు.

"ముందు కనిపించు."

కుర్చీని తన అలవాటు ప్రకారం ఎదురుగా, దూరంగా వేసుకోబోయాడు. నేను దాన్ని మంచానికి ఆనేదాకా జరిపాను. మోకాళ్ళు మంచం చట్రానికి తగిలాయి. కళ్ళద్దాలు లేవుగా, ఆమె మొహం కనిపించాలంటే ముందుకు వంగాల్సిందే. వంగాడు. ఇద్దరి మధ్యా జానెడు కూడా లేదు. రెండు నెలల్లో అతను ఆమె మొహాన్ని సరిగ్గా చూడ్డం అదే మొదటిసారని నాకప్పుడే తట్టింది. ఆమె ఎలా నవ్వుతోందో, ఎప్పుడు మొహం తిప్పుకుందో, ఏదీ అతనికి కనిపించలేదు. ఆమె పెదవి కుడివైపు కొద్దిగా జారింది. అతనది ఇప్పుడే చూశాడు.

వదిన చాలాసేపు చూసింది. పన్ను రంగు చూసేటప్పటిలాగే, ఊపిరి బిగబట్టి. ఎడమచెయ్యి ఎత్తి అతని చెంప మీద పెట్టింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. అన్నయ్య మాట అందించలేదు, తొందరపెట్టలేదు. ఆమె నుదుట చెమట పట్టింది.

"ఫేస్," అంది వదిన.

రెండు నెలల్లో ఆమె నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట. లిఫ్టు తలుపు దగ్గరి మాట.

అన్నయ్య ఏడ్చేశాడు. ఆమె కూడా. అంతలో మళ్ళీ ఆ మాట, ఈసారి మెల్లగా, కోపం లేకుండా వచ్చింది: "బోగో షిపొ..."

అన్నయ్య ఏ పేజీ కోసమూ వెతకలేదు. "నాదో," అన్నాడు.

మూడు వందల అట్టముక్కల్లో అన్నిటికంటే చిన్నది అది. దాన్ని పట్టుకుని మేమిద్దరం ఎన్ని వేళాకోళాలాడామో. ఇప్పుడు అదే మాట వింటుంటే నేను గోడ వైపు తిరిగి సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాల్సి వచ్చింది.

మర్నాడు సాయంత్రం వదిన వాళ్ళక్క వచ్చింది. పొట్టిగా, తెల్లజుట్టుతో, చేతిలో గట్టి సూట్‌కేసుతో. చెల్లెల్ని కావలించుకుని చాలాసేపు వాళ్ళ భాషలో మాట్లాడింది. గలగలా మాట్లాడుతుంటే వదిన కళ్ళు వెలిగాయి. నాకు భయం వేసింది. అన్నయ్య మంచానికి ఇవతల నిలబడి, తన మాట నిలబెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. "మీ చెల్లెలు ఎలా కోరుకుంటే అలాగే," అన్నాడు ఇంగ్లీషులో.

అక్క చెల్లెల్ని ఏదో అడిగింది. వెళ్దామా అనే అయ్యుంటుంది. వదిన ఏదో ఒక మాట అంది. అది అవునో, కాదో, అవుననబోయి కాదన్నదో, డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఎవరమూ నమ్మలేదు. అక్క కూడా అయోమయంగా చూసింది. అంతలో వదిన ఎడమచెయ్యి దుప్పటి మీదనుంచి లేచి, అన్నయ్య చొక్కా చేతికఫ్ దొరకబుచ్చుకుంది. అతను కొంచెం పక్కకు జరగబోతే వదల్లేదు. లాగింది. టప్పుమని బొత్తాం ఊడి ఆమె గుప్పిట్లోకి పోయింది.

ఆ చొక్కా నేను కుట్టింది. నేను కుట్టిన బొత్తాం ఊడటం ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి. ఎంత గట్టిగా పట్టుకుంటే ఊడిందో అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు.

అక్క ఆ గుప్పిటను చూసింది, అన్నయ్యను చూసింది. వేలాడుతున్న కాలరునూ చూసింది. సూట్‌కేసు గోడకు ఆనించి కుర్చీలో కూర్చుని, అన్నయ్యతో మెల్లగా అంది: "పాప్ మొగొస్సొ?"

ఈసారి అతనికి నిఘంటువు అక్కర్లేకపోయింది. తినలేదని తలాడించాడు, నిజమే చెప్పాడు.

ఆ అయిదు చొక్కాలకూ పట్టీలు కుట్టిచ్చాను, ఇంట్లో వేసుకోవడానికి. వదిన ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఇంగ్లీషు అప్పుడో మాట, ఇప్పుడో మాట వస్తోంది. అన్నయ్యకు కొత్త కళ్ళద్దాలొచ్చాయి. ఆ చొక్కా మాత్రం ఒక చేతికి బొత్తాం లేకుండానే తొడుక్కు తిరుగుతున్నాడు. కుట్టివ్వమని అతను అడగలేదు. నేనూ ఆ బొత్తాం కోసం ఒక్కసారి ప్రయత్నించాను గానీ, వదిన గుప్పిట విప్పించడం నా వల్ల కాలేదు.